33 పొరల చాకులో కోసే పొర ఏది?

జపాన్ మడత చాకులు, అంటే పిడిలోకి మూసుకునే జేబు చాకులు, అమ్మే పేజీలు ఓ నాలుగు తిరగేస్తే లెక్కల పోటీ కనిపిస్తుంది. ఒకరు 33 పొరలంటారు, ఇంకొకరు 67, మరొకరు 101. పక్కనే ‘డమాస్కస్’ అన్న పేరు, కింద ‘సమురాయ్ కత్తి చేసిన పద్ధతిలోనే’ అన్న హామీ, ఆ కింద మామూలు చాకుకి రెండు మూడింతల ధర. రీళ్లు చూసి ముచ్చటపడి, టోక్యోలోనో ఒసాకాలోనో ఉద్యోగం చేస్తున్న బంధువుని వచ్చేటప్పుడు ఒకటి తెమ్మనేవాళ్లకి వచ్చే సందేహం ఒక్కటే: పొరలు ఎక్కువైతే పదును ఎక్కువా?

కాదు. అలాగని పొరలన్నీ ఒట్టి షోకని కొట్టిపారేయడమూ కుదరదు. ‘పొరల ఉక్కు’ అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు పనులు కలిసిపోవడంతోనే వచ్చింది చిక్కంతా. ఉక్కును మడిచి మడిచి సాగగొట్టడం ఒకటి. గట్టి ఉక్కును మెత్తని ఇనుము మధ్య ఇరికించడం రెండోది. రంగు తేడా తేలే రెండు లోహాలు పేర్చి పైకి గీతలు రప్పించడం మూడోది. మొదటిది కత్తుల నాటిది, రెండోది పనిముట్లది, మూడోది ఇవాళ షాపు అద్దాల వెనక మెరుస్తున్నది. ఒకదాని ఘనత తెచ్చి ఇంకొకదానికి అంటగడుతున్నారు.

వ్యాసంలో పదేపదే వచ్చే మాటలు మూడున్నాయి. అలుగు అంటే పిడి పోను మిగిలిన లోహపు భాగం. వాదర అంటే కోసే అంచు. వెన్ను అంటే వాదరకి ఎదురుగా ఉండే మందపాటి అంచు.

## మడతలు పెట్టింది మురికి పోవడానికి

జపాన్ కత్తులకి మూలమైన ఉక్కు పేరు తమహగనే. ఇనుప ఇసుకనీ కట్టెబొగ్గునీ మట్టి కొలిమిలో విడతలు విడతలుగా పోస్తూ తీస్తారు. ఆ కొలిమిని తతార అంటారు. షిమానె ప్రిఫెక్చర్ (జపాన్‌లో రాష్ట్రం లాంటి విభాగం)లోని ఒకుఇజుమోలో 1977లో మళ్లీ వెలిగించిన తతార ఇప్పటికీ చలికాలాల్లో నడుస్తోంది. మూడు పగళ్లు, మూడు రాత్రుళ్లు ఆరకుండా మండి, సుమారు 10 టన్నుల ఇసుకనీ 12 టన్నుల బొగ్గునీ మింగి, రెండున్నర టన్నుల ముద్దని మిగులుస్తుంది. అందులో కత్తికి పనికొచ్చే మేలు రకం సగం కూడా ఉండదు.

ఆ మేలు రకమైనా ఒక్క తీరుగా ఉండదు. ఒక ముక్కలో కార్బన్ ఎక్కువ, పక్క ముక్కలో తక్కువ, సందుల్లో చిట్టెం, అంటే ఇనుముతో పాటు మిగిలిన మురికి. అందుకని కమ్మరి ముద్దని పలచగా కొట్టి, విరగ్గొట్టి, విరిగిన చోటు చూసి ముక్కలు ఏరుకుంటాడు. వాటిని పేర్చి, కాచి, ఒక్క దిమ్మగా అతికిస్తాడు. దిమ్మ నడుమ గాటు పెట్టి మడుస్తాడు, మళ్లీ కాస్తాడు, మళ్లీ సాగగొడతాడు. సమ్మెట దెబ్బకి నిప్పురవ్వలతో పాటు చిట్టెం బయటికి చిమ్ముతుంది. కార్బన్ దిమ్మంతటా సర్దుకుంటుంది, కొంత కాలిపోతుంది కూడా. మొదట్లో 1 నుంచి 1.5 శాతం దాకా ఉన్నది పని ముగిసేసరికి 0.6, 0.7 శాతానికి దిగుతుంది.

మడత పడ్డప్పుడల్లా పొరలు రెట్టింపు. 10 మడతలకి 1,024 పొరలు, 15 మడతలకి 32,768. మడతలు 20కి చేరితే పొరలు పది లక్షలు దాటుతాయి. ‘పది లక్షల సార్లు మడిచిన కత్తి’ అనే కథ ఎలా పుట్టి ఉంటుందో ఈ లెక్కే చెబుతుంది: పొరల సంఖ్యని ఎవరో మడతల సంఖ్య చేసేశారు. మామూలుగా పెట్టేది పది పదిహేను మడతలే. 7 మిల్లీమీటర్ల మందంలో 32,768 పొరలంటే ఒక్కోటి 0.2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అతుకు పెట్టేంత వేడిలో అంత పలచని పొరల మధ్య కార్బన్ ఉన్నచోట ఉండదు, ఇటు నుంచి అటు పాకి సమమైపోతుంది. జపాన్ కత్తి ఒంటి మీద కనిపించే సన్నని అల్లిక చాలామటుకు ఆ మడతల అతుకుల జాడే.

కాబట్టి మడతలు పెట్టింది ఉక్కు శుభ్రపడటానికీ, అంతటా ఒకేలా ఉండటానికీ. నేటి ఫ్యాక్టరీలో కరిగించి తీసిన ఉక్కుకి ఆ రెండూ ముందే ఉన్నాయి. దాన్ని మడిస్తే కొత్తగా వచ్చే బలమేమీ లేదు, అతుకు సరిగ్గా పడకపోతే లోపల సందు మిగిలే ప్రమాదం తప్ప.

‘సమురాయ్ పద్ధతి’ అన్న మాటకి ఇంకో అభ్యంతరం కూడా ఉంది. జపాన్ కత్తిని కట్టే పద్ధతుల్లో బాగా వాడుకలో ఉన్న ఒకదానిలో గట్టి ఉక్కు పైన తొడుగుగా ఉంటుంది, మెత్తనిది లోపల గర్భంలో ఉంటుంది. నేటి పొరల చాకులో సరిగ్గా తిరగేసి ఉంటుంది: గట్టిది నడుమ, మెత్తనిది రెండు పక్కలా. రెంటిలోనూ వాదర గట్టి ఉక్కుదే, కానీ అక్కడికి చేరే దారి వేరు. పైగా ఆ తతార తమహగనే కత్తులు చేసే లైసెన్సు ఉన్న కమ్మరులకే వెళుతుంది కనుక షాపులో దొరికే మడత చాకులో అది ఉండటం చాలా అరుదు.

## మికి ఊరి చాకు: మూడే పొరలు

పొరల చాకు గురించి చెప్పమంటే నేను ముందు చూపించేది గీతలేవీ లేని ఒక చౌక చాకుని. పేరు హిగోనోకామి. హ్యోగో ప్రిఫెక్చర్‌లో మికి అనే ఊళ్లో తయారవుతుంది.

మికి వడ్రంగి పనిముట్లకి పేరుపడ్డ ఊరు. 1578 నుంచి 1580 దాకా సేనాని హిదెయోషి సేనలు అక్కడి కోటని ముట్టడించాయి. యుద్ధం అయ్యాక ఊరు తిరిగి కట్టడానికి వచ్చిన వడ్రంగులూ, వాళ్లకి ఉలులూ రంపాలూ చేసిపెట్టే కమ్మరులూ అక్కడే స్థిరపడ్డారు. తర్వాత 1876లో మెయిజీ ప్రభుత్వం నడుముకి కత్తి కట్టుకుని తిరగడాన్ని నిషేధించింది. గిరాకీ పోయిన కత్తుల కమ్మరులు దేశమంతటా వంటింటి కత్తులకీ కొడవళ్లకీ చాకులకీ మళ్లారు. 1890ల్లో మికి వ్యాపారి ఒకాయన దక్షిణాన ఉన్న క్యూషూ దీవి నుంచి మడత చాకు ఒకటి తెచ్చి ఇక్కడి కమ్మరి చేత మార్పులతో చేయించాడనీ, ఆ సరుకు ఎక్కువగా క్యూషూలోనే అమ్ముడుపోవడంతో అక్కడి హిగో సీమ పేరు పెట్టారనీ చెబుతారు.

చాకు కట్టుబడి చూస్తే ముచ్చటేస్తుంది. ఒక్క ఇత్తడి రేకు, లేదా ఇనుప రేకు, నిలువునా వంచితే పిడి. దాని మీద ముద్ర కొట్టిన జపాన్ అక్షరాలు. అలుగుని పట్టి ఉంచేది ఒక్క రివెట్. స్ప్రింగు లేదు, తాళం లేదు, మర లేదు. అలుగు మొదట్లో వెనక్కి చిన్న తోక పొడుచుకొచ్చి ఉంటుంది, దాన్ని చికిరి అంటారు. బొటనవేలితో తోక నొక్కితే అలుగు తెరుచుకుంటుంది. కోస్తున్నంతసేపూ వేలు దాని మీదే ఉంటే అలుగు వెనక్కి మడుచుకోదు. రివెట్ వదులైతే సుత్తితో చిన్న దెబ్బ వేసి బిగిస్తారు.

కొన్ని రకాల మీద ‘అఒగామి వరికోమి’ అని ఉంటుంది. అఒగామి అంటే నీలి కాగితం. షిమానెలోని యసుగి ఉక్కు కర్మాగారం ఒక్కో రకానికి ఒక్కో రంగు కాగితం వాడేది, ఆ రంగులే ఉక్కు పేర్లయ్యాయి. తెల్ల కాగితపు రకం, అంటే షిరోగామి, దాదాపు ఇనుమూ కార్బనూ మాత్రమే. దానికి కాస్త టంగ్‌స్టన్, క్రోమియం కలిపితే నీలి రకం. పదును ఇంకాస్త ఎక్కువ కాలం నిలుస్తుంది. రెంటిలోనూ రెండో నంబరు ఉక్కులో కార్బన్ 1.05 నుంచి 1.15 శాతం. వరికోమి అంటే మెత్తని ఇనుమును చీల్చి ఆ చీలికలో గట్టి ఉక్కు పెట్టి అతికించడం. అంటే ఇటు ఇనుము, మధ్య ఉక్కు, అటు ఇనుము: మూడు పొరలు.

దీని వెనక ఉన్నది ముందు పొదుపు. మంచి ఉక్కు ఖరీదైన రోజుల్లో దాన్ని వాదరకి మాత్రమే వాడి, తక్కినదంతా ఇనుముతో నెట్టుకొచ్చేవారు. ఇంకో రెండు లాభాలు వెంట వచ్చాయి. గట్టి ఉక్కు పెళుసు, వంగకుండా విరుగుతుంది. పక్కనున్న ఇనుము ఆ దెబ్బని కాస్త మోస్తుంది. ఇక సానపట్టేటప్పుడు రాయికి అడ్డం పడేది మధ్యనున్న సన్నని ఉక్కు చారే కనుక పని త్వరగా తెములుతుంది. పొరల వల్ల అలుగుకి కలిగే అసలు మేలు ఈ మూడు పొరల దగ్గరే చాలావరకు పూర్తయింది. తర్వాత చేరిన ముప్పై, అరవై పొరల పని వేరు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి జపాన్‌లో బడిపిల్లల జేబుల్లో, పెన్సిల్ చెక్కుకోవడానికి ఉండేది ఈ చాకే. 1960 అక్టోబర్ 12న టోక్యోలోని హిబియా సభా మందిరంలో సోషలిస్టు నాయకుడు ఇనెజిరో అసానుమాను వేదిక మీదే 17 ఏళ్ల కుర్రాడు పొడిచి చంపాడు. వాడింది పొట్టి కత్తి, చాకు కాదు. అయినా పిల్లల చేతుల్లో పదునైనదేదీ ఉండకూడదన్న ఉద్యమం దేశమంతా పాకింది. పెన్సిల్ చెక్కే మిషన్లు కూడా అప్పటికి వచ్చేశాయి. మికిలో పదుల కొద్దీ ఉన్న కార్ఖానాలు ఒకటొకటిగా మూతపడ్డాయి. హిగోనోకామి అన్న పేరుతో అమ్మే హక్కు ఇప్పుడు నాగావో కానెకోమా అనే ఒక్క కార్ఖానాకే మిగిలింది.

## డమాస్కస్ పేరులో తెలంగాణ ఉక్కు

‘డమాస్కస్’ అన్న పేరుకీ జపాన్‌కీ పుట్టుకతో సంబంధం లేదు. మనకి ఉంది.

పశ్చిమాసియా కత్తుల మీద నీటి అలల్లా కదిలే గీతలు చూసి యూరప్‌వాళ్లు పెట్టిన పేరది. ఆ కత్తులకి వెళ్లిన ఉక్కులో దక్కనుదీ, దక్షిణ భారతానిదీ, శ్రీలంకదీ పెద్ద వాటా. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఈ ఉక్కు తీయడాన్ని కళ్లారా చూసి రాసినవాడు హెన్రీ వోయ్‌సీ. ఈస్టిండియా కంపెనీ భూసర్వేలో వైద్యుడిగా, భూగర్భ పరిశీలకుడిగా పనిచేసి 1824లో చనిపోయాడు. ఆయన రాత 1832లో అచ్చయింది. ఇనుమును మట్టి మూసలో పెట్టి, మూత మెత్తి, తిత్తులు ఊదుతూ కరిగించేవారు. ఆ ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వ్యాపారి వచ్చి ఆ ఊళ్లోనే మకాం వేశాడని కూడా రాశాడు. 

ఆ ఉక్కులో ఎవరూ పొరలు పేర్చలేదు. సుమారు ఒకటిన్నర శాతం కార్బన్ ఉన్న ఒకే ముద్ద అది. మూసలో నెమ్మదిగా చల్లారి, తర్వాత కమ్మరి చేతిలో పదేపదే తక్కువ వేడి మీద సాగేటప్పుడు లోపలి గట్టి కార్బైడ్ రేణువులు బారులు తీరతాయి, గీతలు వాటివే. ఖనిజంతో పాటు వచ్చే వనేడియం లాంటి మూలకాలు అతి కొద్ది మోతాదులోనే ఆ బారులకి కారణమవుతాయని జాన్ వెర్‌హోవెన్, ఆల్ఫ్రెడ్ పెండ్రే బృందం 1998లో ప్రచురించిన పరిశోధనలో చూపించింది. 

ఇవాళ షాపుల్లో డమాస్కస్ అంటున్నది వేరే సరుకు. రెండు లోహాలు పేర్చి అతికించినది. జపాన్‌లో దాన్ని సుమినగాషి అంటారు, నీటి మీద సిరా తేల్చి కాగితానికి ఎత్తే కళ పేరు అది. పేరు వాడటం మోసమా? వ్యాపారంలో ఆ పేరు ఇప్పుడు అతుకు ఉక్కుకే స్థిరపడిపోయింది, కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఆ అర్థంలోనే వాడుతున్నారు కనుక మోసం అనలేం. చరిత్రకారులు మాత్రం రెంటినీ కలపొద్దంటారు, వాళ్ల మాటా న్యాయమే. ‘మర్మం పోయిన ప్రాచీన ఉక్కు’ అని రాసి అతుకు ఉక్కు అమ్మే ప్రకటనల దగ్గరే అసలు పేచీ.

## సెకి చాకు: పొరలు వేసేది ఒకరు, చాకు చేసేది ఇంకొకరు

జపాన్ మడత చాకుల రాజధాని గిఫు ప్రిఫెక్చర్‌లోని సెకి. కామాకురా కాలం, అంటే సుమారు ఏడెనిమిది వందల ఏళ్ల కిందటి నుంచీ కత్తుల ఊరు. ఇప్పుడు వంటింటి కత్తులు, క్షౌరపు బ్లేళ్లు, కత్తెరలు, చాకులు. అమెరికా బ్రాండ్ల చాకుల అలుగుల మీద కూడా ‘సెకి సిటీ, జపాన్’ అన్న ముద్ర కనిపిస్తుంటుంది. డమాస్కస్ మడత చాకుల్లో బాగా తెలిసిన ఎంకస్టా బ్రాండు ఈ ఊరిదే.

ఒంటరి కమ్మరి కొలిమి దగ్గర పొరలు మడుస్తున్న బొమ్మ ప్రకటనల్లో ఉంటుంది. కార్ఖానాలో తయారయ్యే చాకు విషయంలో అది నిజం కాదు. పొరల రేకుని ఉక్కు కంపెనీయే తయారుచేసి అమ్ముతుంది. ఫుకుయి ప్రిఫెక్చర్ ఎచిజెన్‌లోని తకెఫు స్పెషల్ స్టీల్ ఇందులో పేరున్నది. నడుమ వీజీ-10 అనే తుప్పు పట్టని గట్టి ఉక్కు పెట్టి, అటూ ఇటూ రెండు రకాల మెత్తని పొరలు ఒకటి మార్చి ఒకటి పేర్చి, వేడి మీద రోలర్ల మధ్య నొక్కి ఒక్క రేకు చేస్తారు. వీజీ-10లో కార్బన్ సుమారు 1 శాతం, క్రోమియం 15, కోబాల్ట్ ఒకటిన్నర. గట్టిపరిచాక, గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ కొలతలో 60 దరిదాపుల్లో నిలుస్తుంది.

చాకు కంపెనీ ఆ రేకుని కోసి, కాచి గట్టిపరిచి, సానపట్టి, పిడిలో బిగిస్తుంది. సెకిలో ఈ పనుల్లో చాలావాటికి వేర్వేరు చిన్న కార్ఖానాలుంటాయి: ఉక్కును కాచి, గట్టిపడేలా ముంచి చల్లార్చే వాళ్లు వేరు, సానపట్టే వాళ్లు వేరు. చేతిపని లేదని దీని అర్థం కాదు. పొరలు వేయడంలో ఉన్నదనుకునే చేతిపని నిజానికి సాన దగ్గరా బిగింపు దగ్గరా ఉంది. సొంతంగా దిమ్మ అతికించి మడత చాకులు చేసే విడి కమ్మరులు జపాన్‌లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల చాకుల ధరా, వాటి కోసం ఎదురుచూపూ రెండూ వేరే స్థాయి.

## లెక్క వేసి చూద్దాం: 33 పొరలూ, 67 పొరలూ

వెన్ను దగ్గర 3 మిల్లీమీటర్ల మందం, 20 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న అలుగు అనుకుందాం. వెన్ను నుంచి వాదర దాకా ఒకే వాలుగా సానపట్టారు, వాదర పైన మందం 0.4 మిల్లీమీటర్లు. మధ్యనున్న గట్టి ఉక్కు 1 మిల్లీమీటరు. మిగతా 2 మిల్లీమీటర్లలో పక్కకి 16 చొప్పున 32 పొరలు, నడిమిదానితో కలిపి 33. ఈ కొలతలు లెక్క కోసం వేసుకున్నవి, నిజం చాకుల్లో కొంచెం అటూ ఇటూ ఉంటాయి.

ఒక్కో పక్కపొర మందం 2ని 32తో భాగిస్తే 0.0625 మిల్లీమీటర్లు. వాలులో 20 మిల్లీమీటర్ల వెడల్పుకి 2.6 మిల్లీమీటర్ల మందం తగ్గుతోంది, అంటే పక్కకి 1.3. కాబట్టి 0.0625 మిల్లీమీటర్ల పొర వాలు మీద దాదాపు 1 మిల్లీమీటరు వెడల్పు చారగా పరుచుకుంటుంది. అంత పలచని పొర కంటికి అంత స్పష్టంగా కనిపించడానికి కారణం ఈ వాలే.

ఇప్పుడు వాదర దగ్గరికి రండి. అలుగు మందం 1 మిల్లీమీటరుకి తగ్గిన చోట పక్కపొరలన్నీ సానలో అరిగిపోయి ఉంటాయి. లెక్క ప్రకారం అది వాదర నుంచి సుమారు 4.6 మిల్లీమీటర్ల ఎత్తు. ఆ కిందంతా వీజీ-10 ఒక్కటే. మీరు పండు కోసినా, కవర్ చించినా, తాడు తెంపినా ఆ వస్తువుకి తగిలే అంచులో పొర ఒక్కటే.

పొరల్ని 67 చేద్దాం. పక్కకి 33. ఒక్కో పొర 0.03 మిల్లీమీటర్లు, వాలు మీద చార దాదాపు అర మిల్లీమీటరు. వాదర నుంచి 4.6 మిల్లీమీటర్ల దాకా మళ్లీ అదే వీజీ-10. రెండు చాకుల మధ్య మారింది చారల సన్నదనం మాత్రమే. కొందరికి సన్న గీతలు నచ్చుతాయి, నాకు మాత్రం 33 పొరల వెడల్పు చారలే బాగుంటాయి.

## గీతలు పైకి తేలేదెలా

పొరలన్నీ సాపుగా, సమాంతరంగా ఉంటే వాలు మీద తిన్నని చారలు వస్తాయి. వంకర్లు కావాలంటే రేకుని ఎగుడుదిగుడుగా నొక్కాలి, లేదా గుంటలు తొలిచి మళ్లీ సాపు చేయాలి. టేకు పలకని చిత్రిక పట్టినప్పుడు ఈనెలు సుడులు తిరిగినట్టు, పొరలు కోసుకుపోయిన చోటల్లా వలయాలు తేలతాయి.

ఇంతా చేశాక మెరుగు పెట్టిన అలుగు మీద గీతలు అంతగా కనిపించవు. అలుగుని ఫెర్రిక్ క్లోరైడ్ లాంటి ద్రవంలో ముంచాలి. నికెల్ ఎక్కువున్న పొర ఆ ద్రవానికి లొంగకుండా తెల్లగా నిలుస్తుంది, లొంగిన పొర నల్లబడి కాస్త తిని పోతుంది. అందుకే నాణ్యమైన చాకు మీద గోరు నడిపితే గీతలు తగులుతాయి. కార్బన్ తేడా ఒక్కటే ఉన్న పొరలైతే ఇంత తేడా రాదు, ఎందుకంటే అతుకు వేడిలోనే కార్బన్ పాకి సర్దుకుంటుంది. నికెల్, క్రోమియం అలా త్వరగా కదలవు.

నకిలీ గుట్టు కూడా ఇక్కడే రట్టవుతుంది. లేజర్‌తోనో రంగుతోనో గీతలు ముద్రించిన సాదా చాకులు బజారులో చాలానే ఉన్నాయి. వాటిలో గీతలు అలుగు రెండు పక్కల మీదే ఉంటాయి. చాకుని వెన్ను పైకి పెట్టి వెలుగులో చూడండి. నిజం పొరలైతే వెన్ను మీద, ఆ మూడు మిల్లీమీటర్ల మందంలోనూ, పొడవునా సన్నని దారాల్లాంటి చారలు సాగుతాయి, నడుమ ఒక వెడల్పు పట్టీ ఉంటుంది. వాదర పైన గట్టి ఉక్కు మొదలయ్యే చోట వంకర టింకర గీత ఒకటి అలుగు పొడవునా పోతుంది. ముద్రించిన చాకులో గీతలు ఎక్కడా ఆగకుండా వాదర అంచు దాకా ఒకే తీరుగా దిగిపోతాయి. వెన్ను మీద మెరుగు ఎక్కువ పెట్టిన నిజం చాకులో కూడా చారలు మసకగా ఉండవచ్చు కనుక ఒక్క గుర్తు పట్టుకుని తేల్చేయకూడదు.

## పొరల వల్ల పనిలో తేడా ఉందా లేదా

ఉందనేవాళ్ల వాదన ఒకటి మెత్తని తొడుగు గురించి: అలుగు విరగదు, వంగితే సరిచేయవచ్చు. నిజమే, కానీ ఆ లాభం మూడు పొరల చాకులోనూ అంతే ఉంది. ఇంకో వాదన, పొరల అంచు సూక్ష్మమైన రంపపు పళ్లలా పనిచేస్తుందని. నడుమ గట్టి ఉక్కున్న చాకుకి ఇది అసలు వర్తించదు, పొరలు వాదర దాకా రావు కాబట్టి.

వర్తించే రకం ఒకటుంది. నడిమి పట్టీ లేకుండా మొత్తం రెండు గట్టి ఉక్కుల పొరలతోనే చేసే రేకులు కూడా జపాన్ కంపెనీలు తయారుచేస్తాయి, ‘కోర్‌లెస్’ అంటారు. వాటిలో వాదర పొడవునా రెండు ఉక్కులూ మారిమారి వస్తాయి. ఒకటి ముందు అరిగి ఇంకొకటి నిలిస్తే గరుకు పుట్టి, తాడు లాంటివి బాగా తెగుతాయని తయారీదారుల మాట. ఎదుటివాళ్లు అడిగేదేమిటంటే, ఆ రెంటిలో మంచి ఉక్కుతోనే మొత్తం అలుగు చేస్తే ఇంకా బాగుంటుంది కదా అని. అరుగుదల విషయంలో పొరల వాదర ఆ రెండు ఉక్కుల మధ్యస్థంగా ఉంటుందని ఊహించడమే సబబు కనుక ఈ రెండో మాటకే నా మొగ్గు.

కోతని తేల్చేవి వేరే ఉన్నాయి: వాదర పైన అలుగు ఎంత పలచన, సాన కోణం ఎంత, నడిమి ఉక్కు ఏది, దాన్ని కాచి గట్టిపరిచింది ఎంత శ్రద్ధగా. పొడి రూపంలో తీసి నొక్కిన ఎస్‌జీ2 లాంటి ఉక్కులో వనేడియం 2 శాతం దాకా ఉంటుంది, పదును వీజీ-10 కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. చాకు పేజీలో పొరల సంఖ్య పెద్దక్షరాల్లో వేసి నడిమి ఉక్కు పేరు చెప్పకపోతే అనుమానించాల్సిందే.

## మడత కావడంతో వచ్చే చిక్కులు

వంటింటి కత్తికి లేని కష్టాలు మడత చాకుకి ఉన్నాయి. మూసినప్పుడు అలుగు పిడి రేకుల మధ్య సరిగ్గా నడుమ పడాలి, వాదర దేనికీ తగలకూడదు. ఇరుసు దగ్గర గట్టిగా ఉంటే తెరుచుకోదు, వదులైతే అలుగు ఊగుతుంది. తెరిచాక తాళం నాలుక అలుగు మొదటికి పూర్తిగా ఆనాలి. పొరల అలుగులో ఆ ఆనే ముఖం మెత్తని పొరలూ గట్టి ఉక్కూ కలిసిన కోత కనుక అక్కడి సాన మరీ శుద్ధంగా ఉండాలి. కాచి ముంచినప్పుడు రెండు లోహాలు ఒకేలా కుంచించుకోవు, అలుగు కొద్దిగా వంకర పోతే సరిచేయాలి. మెత్తని తొడుగు ఉండబట్టే ఆ సరిచేయడం వీలవుతుంది.

చట్టం కూడా చాకు మడతదా కాదా అని చూస్తుంది. జపాన్‌లో సరైన కారణం లేకుండా 6 సెంటీమీటర్లు దాటిన అలుగుని వెంట ఉంచుకుని తిరగకూడదు. మడత చాకుకి మాత్రం 8 సెంటీమీటర్ల దాకా సడలింపు, అదీ వెడల్పు 1.5, మందం 0.25 సెంటీమీటర్లు మించకుండా, అలుగుని బిగించే తాళం లేకుండా ఉంటేనే. అంటే పైన లెక్కకి తీసుకున్న 3 మిల్లీమీటర్ల అలుగుకి ఆ సడలింపు వర్తించదు. పొట్టి చాకునైనా కారణం లేకుండా దాచుకుని తిరిగితే చిన్న నేరాల చట్టం కింద పట్టుకోవచ్చు. అక్కడ ఉండే మనవాళ్లు ‘జేబులో చాకే కదా’ అనుకోవడానికి లేదు. భారత ఆయుధ నిబంధనలు ప్రధానంగా 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన అలుగుల గురించి మాట్లాడతాయి, ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవాటిని మినహాయిస్తాయి. విమానంలో మాత్రం ఎంత చిన్న చాకైనా చేతి సంచిలో రాదు, చెక్-ఇన్ సామానులోనే.

## డబ్బు దేనికి పోతోంది

హిగోనోకామి కోయడంలో ఏ ఖరీదైన చాకుకీ పెద్దగా తీసిపోదు. నిమ్మకాయ కోసి తుడవకపోతే మచ్చ పడుతుంది, సముద్రపు గాలికి తుప్పు పడుతుంది. ఇష్టపడేవాళ్లు ఆ నీలి మచ్చల్నే అందంగా చూస్తారు. అదే వీజీ-10 సాదా అలుగు చాకు తుప్పు బెడద తప్పిస్తుంది. డమాస్కస్ చాకు ఆ కోతనే ఇస్తూ గీతల్ని జోడిస్తుంది. ఒకే రేకులోంచి కోసిన రెండు అలుగుల మీద కూడా గీతలు ఒక్కలా పడవు, సేకరించేవాళ్లకి అదే పిచ్చి. పిడి మీద వంశ చిహ్నాలు, సుత్తి దెబ్బల అచ్చులు, రంగు వేసి నొక్కిన చెక్క, ముత్యపు చిప్ప పొదుగులు దానికి తోడు. 

వాడేవాళ్ల ఫిర్యాదు ఒకటుంది: గీతల మీద గీరలు పడితే చూడలేం, కాబట్టి కొన్న చాకు అలమరలోనే ఉండిపోతుంది. సన్న గరుకు కాగితంతో రుద్ది మళ్లీ ఆ ద్రవంలో ముంచితే నిజం పొరలు తిరిగి పైకి వస్తాయి, తొడుగు మందం ఉన్నంత లోతు దాకా అవి ఉన్నాయి గనక. అలుగు నడుమ పడకపోవడం, తాళం సగమే ఆనడం లాంటి బిగింపు లోపాలని ఇంట్లో అంత తేలిగ్గా సరిచేయలేం. అందుకే అదే వీజీ-10తో చేసిన రెండు చాకుల మధ్య ధర తేడా కనిపిస్తే, అనుభవమున్నవాళ్లు పొరలు లెక్కపెట్టరు. చాకు మూసి అలుగు ఎక్కడ పడిందో చూస్తారు, తెరిచి అటూ ఇటూ ఊపి చూస్తారు.